నవజాత శిశువుల ఐసీయూలో ఒక రాత్రి: యంత్రాలుండగా నర్సు చేసే పని ఏమిటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉన్న ఒక అమ్మాయికి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, నవజాత శిశువుల ఐసీయూలో ఉద్యోగం వచ్చేలా ఉంది. అక్కడ ఒక షిఫ్ట్ ఎలా గడుస్తుంది, అంతా యంత్రాలే చూసుకుంటాయి కదా, ఇక నర్సు ప్రత్యేకంగా చేసేది ఏముంటుంది, చేతులు వణికే మనిషి ఆ పనికి పనికివస్తుందా అని ఆమె అడుగుతున్నారు. నేను ఈ నగరంలోనే 17 సంవత్సరాలుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి 5 సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆ తరువాత ప్రైవేటులో. మా దగ్గర పగటి షిఫ్ట్ ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు, సాయంత్రం షిఫ్ట్ 2 నుంచి రాత్రి 8 వరకు, రాత్రి షిఫ్ట్ 8 నుంచి మరునాడు ఉదయం 8 వరకు ఉంటాయి. నేను రాత్రి షిఫ్ట్ గురించే చెబుతాను. పగటిపూట డాక్టర్లు, ఎక్స్‌రే వారు, ల్యాబ్ వారు, తల్లిదండ్రులు అందరూ చుట్టూ ఉంటారు కనుక ఏది నర్సు పనో, ఏది కాదో విడదీసి చూడడం కష్టం. రాత్రి రెండు గంటలకు అది తేటతెల్లంగా కనబడుతుంది.

పని చేతులు కడుక్కోవడంతో మొదలవుతుంది. గాజులు, ఉంగరాలు, గడియారం తీసి లాకర్‌లో పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో రెండు నిమిషాలపాటు కడుక్కుని లోపలికి వెళ్లాలి. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు గాజులు తీయడానికి వెనకాడడం నేను చాలాసార్లు చూశాను. ఒకరిద్దరి విషయంలో వారి అత్తగారికి ఫోనులో నచ్చజెప్పవలసి వచ్చింది కూడా. అయినా ఇందులో సర్దుబాటుకు తావు లేదు. తల్లి నుంచి బిడ్డకు అందవలసిన యాంటీబాడీలు చాలావరకు గర్భం చివరి మూడు నెలలలోనే అందుతాయి కనుక, ముందుగా పుట్టిన బిడ్డ ఆ వాటా తీసుకోకుండానే వస్తుంది. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. ఆ బిడ్డకు సోకే క్రిములలో ఎక్కువ భాగం మన చేతుల మీదుగా వెళ్లేవే. ఒక బిడ్డను ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత, పక్క బిడ్డ దగ్గరికి వెళ్లే ముందు శానిటైజర్ రాసుకోవాలి. ఒక్క రాత్రిలో అది ఎన్నిసార్లో లెక్కపెట్టడం నేను మానేశాను. చలికాలంలో వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగులుతుంది. ఇంటికి వెళ్లి కొబ్బరినూనె రాసుకుని పడుకోవడమే దానికి మా మందు.

తరువాత డ్యూటీ అప్పగింత. మా భాషలో హ్యాండోవర్. దీనిని నర్సింగ్ స్టేషన్ దగ్గర కూర్చుని కాక, ప్రతి బిడ్డ పక్కనే నిలబడి చేయాలి. ఇక్కడ పిల్లలకు ఇంకా పేర్లుండవు; తల్లి పేరుతో ‘బేబీ ఆఫ్ ఫలానా’ అని, కవలలైతే ట్విన్ వన్, ట్విన్ టూ అని పిలుస్తాము. ఒకే రోజు ఇద్దరు సునీతలు ప్రసవిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే కాలికి కట్టిన పట్టీ మీది నంబరు చదివిన తరువాతే మాట మొదలుపెట్టాలి. ఎన్ని వారాలకు పుట్టింది, పుట్టినప్పటి బరువెంత, ఈరోజు బరువెంత, ఊపిరికి ఏ ఆధారం మీద ఉంది, ఏ మందు ఏ గంటకు ఇవ్వాలి, ఏ రిపోర్టు రావలసి ఉంది, తల్లిదండ్రులకు డాక్టరు ఏమి చెప్పారు — ఇవన్నీ ఇచ్చిపుచ్చుకోవాలి. 37 వారాలకు ముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము గానీ, 36 వారాల బిడ్డకూ 27 వారాల బిడ్డకూ పోలికే లేదు. కనుక వారాల సంఖ్య వినగానే అనుభవం ఉన్న నర్సు మనసులో ఆ రాత్రి ఎలా ఉండబోతోందో ఒక అంచనా ఏర్పడుతుంది.

ఉదాహరణకు ఒక రాత్రి చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆ రాత్రి నాకు ముగ్గురు బిడ్డలు. మొదటిది 29 వారాలకు 1,100 గ్రాములతో పుట్టి 11 రోజులైన ఆడబిడ్డ. ముక్కు దగ్గర చిన్న గొట్టాలతో, ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే సీపాప్ యంత్రం మీద ఉంది, రెండు గంటలకొకసారి గొట్టం ద్వారా 8 మి.లీ. తల్లిపాలు తాగుతోంది. రెండోది 34 వారాల మగబిడ్డ, గొట్టం నుంచి ఉగ్గుగిన్నెకు మారుతున్నాడు. మూడోది కామెర్లతో నీలికాంతి దీపాల కింద, కళ్లకు గంతలతో పడుకున్న బిడ్డ. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు ఒక నర్సు ఉండాలని, కొంత కుదుటపడిన పిల్లలైతే ఇద్దరికి లేదా ముగ్గురికి ఒకరు ఉండాలని చదువుకుంటాము. నేను ఒంటరిగా ఐదుగురిని చూసిన రాత్రులున్నాయి; ఆ రాత్రులలో నేను చేసినది నర్సింగ్ అని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు, మంటలార్పడం అనాలి.

అప్పగింత ముగిసిన తరువాత పావుగంట పాటు ప్రతి మంచం దగ్గరా అన్నీ సరిచూసుకోవాలి. ఊపిరి ఆగితే చేతితో నొక్కి గాలి అందించే ఆంబు బ్యాగు ఉందా, దానికి ఆ బిడ్డ ముఖానికి సరిపోయే మాస్కు ఉందా, నోటిలో, ముక్కులో చేరినవాటిని లాగే సక్షన్ పనిచేస్తోందా, మానిటర్ అలారం హద్దులను ఎవరైనా చికాకుతో వెడల్పు చేసి వెళ్లారా, ద్రవాన్ని కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులో ఉన్న అంకె, డాక్టరు రాసిన అంకె ఒకటేనా అన్నవి చూడాలి. ఇక్కడ లెక్కలన్నీ చుక్కల్లో ఉంటాయి. కిలో బరువున్న బిడ్డకు మొదటి రోజున కిలోకు 80 మి.లీ. ద్రవం రాస్తే, అది గంటకు 3.3 మి.లీ. మాత్రమే. అదే బిడ్డ ఒంట్లో ఉన్న మొత్తం రక్తం 80 నుంచి 90 మి.లీ. ఉంటుంది; నాంపల్లి హోటల్లో ఇచ్చే ఇరానీ చాయ్ కప్పులో పట్టేంత. పరీక్షకని మనం 1 మి.లీ. తీశామంటే, పెద్దమనిషి ఒంట్లోంచి దాదాపు 50 మి.లీ. తీసినంత పని. అందుకే తీసిన ప్రతి చుక్కనూ చార్టులో రాస్తాము, రేపటి పరీక్షలో కలిపి చేయగలిగినది ఈరోజు విడిగా చేయవద్దని జూనియర్ డాక్టర్లతో వాదిస్తాము. వాదించడం కూడా ఉద్యోగంలో భాగమే. మొదటి సంవత్సరం అది చేతకాదు.

ఇప్పుడు యంత్రాల సంగతికి వస్తాను. మానిటర్ గుండె వేగాన్ని, ఆక్సిజన్ శాతాన్ని, ఊపిరి సంఖ్యను చూపుతుంది. అవి తప్పనిసరిగా కావాలి. అయితే మానిటర్ మీద అంకె మారేసరికి బిడ్డ ఒంట్లో మార్పు మొదలై ఒక్కోసారి కొన్ని గంటలవుతుంది. మాట రాని, గట్టిగా ఏడ్చే శక్తి కూడా లేని బిడ్డ తన బాధను మరోలా చెబుతుంది. అది కనిపించాలంటే ముట్టుకోకముందే చూడాలి. నేను కొత్తవారికి నేర్పే మొదటి పాఠం ఇదే: చేతులు వెనక్కి కట్టుకుని, బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె అయిన ఇంక్యుబేటర్ అద్దంలోంచి రెండు నిమిషాలు ఊరికే చూడండి. రంగు ఎలా ఉంది, పెదవుల చుట్టూ ఎలా ఉంది, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎంత లోపలికి పోతున్నాయి, చేతులు గుండెల మీదికి మడుచుకుని ఉన్నాయా, లేక చాపేసినట్లు పడి ఉన్నాయా, పొట్ట మెత్తగా ఉందా, మెరుస్తూ బిగిసి ఉందా. నిన్న నా వేలిని పట్టుకున్న బిడ్డ ఈరోజు పట్టుకోలేదంటే అది ఏ యంత్రమూ చెప్పదు.

ముట్టుకోకుండా ఉండడం ఈ పనిలో సగం. కొత్తగా వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. నర్సంటే ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉండాలని వారి అభిప్రాయం. కాని గర్భంలో ఉండవలసిన బిడ్డ ఇది. అనవసరమైన ప్రతి స్పర్శకూ ఆక్సిజన్ పడిపోవచ్చు, నిద్ర చెడుతుంది, ఎదుగుదలకు పనికిరావలసిన శక్తి ఖర్చవుతుంది. కనుక చేయవలసిన పనులన్నిటినీ ఒకచోట చేర్చి ఒకేసారి ముగిస్తాము. ఆ రాత్రి తొమ్మిది గంటలకు మొదటి బిడ్డ దగ్గర నేను చేసిన పనుల వరుస ఇలా ఉంది: చేతులను రుద్ది వెచ్చ చేసుకుని, ఇంక్యుబేటర్ కిటికీ చప్పుడు కాకుండా తెరిచి, ఒక అరచేయి తల మీద, ఒకటి కాళ్ల మీద కదలకుండా కాసేపు ఉంచాను. బిడ్డ ఉలికిపాటు తగ్గింది. చంకలో ఉష్ణోగ్రత చూశాను, 36.7 డిగ్రీలు, 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. డైపర్ మార్చి, తీసినదానిని తూకం వేశాను. ఒక గ్రాము పెరిగితే ఒక మి.లీ. మూత్రం కింద లెక్క. ముక్కు గొట్టాల కింద చర్మం కందిందేమో చూశాను. పొట్ట చుట్టుకొలత టేపుతో కొలిచాను. నోటి లోపలి చెంపకు రెండు చుక్కల తల్లిపాలు రాశాను. ఎడమ పక్కకు తిప్పి, చుట్టిన మెత్తటి గుడ్డలతో గూడులా అమర్చాను. చివరిగా గొట్టానికి పిస్టన్ తీసిన సిరంజి తగిలించి, అందులో పాలు పోసి, ఎత్తు మీద పట్టుకుని వాటంతట అవే దిగనిచ్చాను, పాలను నెట్టకూడదు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ తరువాత ఇంక్యుబేటర్ మీద గుడ్డ కప్పి, మళ్లీ పదకొండు దాకా ఆ బిడ్డ జోలికి పోలేదు. ఇంక్యుబేటర్ పైకప్పు మీద పెన్ను పెట్టినా లోపల అది డప్పు మోతలా వినిపిస్తుందని ప్రతి కొత్త అమ్మాయికీ చెప్పవలసి వస్తుంది, కొందరు డాక్టర్లకు కూడా.

మందుల విషయంలో నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరంలో కిలో బరువున్న ఒక బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ 5 మి.గ్రా. ఇవ్వవలసి ఉంది. ఆ మందు పిల్లల వయల్ (చిన్న సీసా) 2 మి.లీ.లో 20 మి.గ్రా.గా వస్తుంది, పెద్దల వయల్ అదే 2 మి.లీ.లో 80 మి.గ్రా.గా వస్తుంది. ట్రేలో రెండూ పక్కపక్కన ఉన్నాయి. నేను పిల్లల వయల్ అనుకుని పెద్దలది తీసి 0.5 మి.లీ. లాగాను. అంటే 5 బదులు 20 మి.గ్రా., నాలుగింతలు. సిరంజి పట్టుకుని రెండో నర్సు సంతకం కోసం వెళ్లాను. ఆవిడ కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన సీనియర్ సిస్టర్. ‘సిరంజి కాదు, వయల్ చూపించు’ అన్నారు. ఆ ఒక్క మాట వల్ల బిడ్డ చెవులు, మూత్రపిండాలు ప్రమాదం నుంచి తప్పించుకున్నాయి. ఆవిడ నన్ను తిట్టలేదు. పెద్దల వయల్స్‌ను ఆ ట్రేలోంచి తీయించి వేరే అరలో పెట్టించారు. అప్పటి నుంచి నేను కూడా ఎవరి మందు సరిచూసినా, వారు చెప్పిన లెక్కను వినకుండా ముందు నేను విడిగా లెక్కవేసి, తరువాత పోల్చి చూస్తాను. ఎదుటివారి లెక్క ముందే వింటే మన బుర్ర దానికే తల ఊపుతుంది.

ఆక్సిజన్ కూడా మందే. దీనిని కుటుంబాలకు అర్థం చేయించడం కష్టం, ఎందుకంటే ఎక్కువ ఇస్తే మంచిదే కదా అన్న భావన అందరికీ ఉంది. నెలలు నిండని బిడ్డకు రక్తంలో ఆక్సిజన్ శాతం 90 నుంచి 95 మధ్య ఉంచుతాము. తక్కువైతే మెదడుకు, ప్రాణానికి ముప్పు. ఎక్కువైతే ఇంకా పూర్తిగా ఏర్పడని కంటిపొరలోని రక్తనాళాలు దెబ్బతిని అడ్డదిడ్డంగా పెరుగుతాయి. దానినే ఆర్‌ఓపీ అంటాము, చూడకుండా వదిలేస్తే చూపు పోవచ్చు. మన దేశంలో 34 వారాల లోపు లేదా 2,000 గ్రాముల లోపు పుట్టిన పిల్లలకు నాలుగు వారాల వయసు లోపల కంటి పరీక్ష చేయించాలి, మరీ చిన్నవారికి రెండు మూడు వారాలకే. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉండడం ఈ నగరపు పిల్లల అదృష్టమనే చెప్పాలి. నర్సు వంతు ఇందులో ఏమిటంటే, అలారం మోగిన ప్రతిసారీ ఆక్సిజన్ పెంచి వెళ్లిపోకుండా, ముందు బిడ్డను చూసి, ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ జారిందేమో చూసి, పెంచితే మళ్లీ దించేదాకా అక్కడే నిలబడడం. పెంచడం అందరికీ గుర్తుంటుంది. దించడమే మరచిపోతారు.

ఇక ఆ రాత్రి ఒంటిగంటకు ఏమి జరిగిందో చెబుతాను. మొదటి బిడ్డ దగ్గరికి మళ్లీ వెళ్లాను. మానిటర్‌లో అన్ని అంకెలూ హద్దుల్లోనే ఉన్నాయి. ఉష్ణోగ్రత కూడా 36.7, తొమ్మిదింటికి ఉన్నంతే. అయితే ఇంక్యుబేటర్ మూల ఒక చిన్న గీతల పట్టీ ఉంటుంది, హీటర్ తన శక్తిలో ఎంత భాగం వాడుతోందో అది చూపుతుంది. సాయంత్రం నుంచి రెండు మూడు గీతలున్న చోట ఇప్పుడు ఏడు గీతలు వెలుగుతున్నాయి. అంటే బిడ్డ చల్లబడుతోంది, యంత్రం ఆ చల్లదనాన్ని కప్పిపుచ్చుతోంది. పైకి మాత్రం అంకె మారలేదు. గది ఏసీ పెంచారేమో అడిగాను, లేదన్నారు. కాళ్ల మీద చర్మం చలువరాతి మీది చారల్లా కనిపించింది. అర్ధరాత్రి దాటిన తరువాత ఒకసారి ఊపిరి ఆగి, అరికాలు నిమిరితే మళ్లీ తీసుకుంది. పన్నెండు ముప్పావుకు ఇంకోసారి అలాగే జరిగింది. ఊపిరి 20 సెకన్లకు మించి ఆగడం ఈ వయసు పిల్లల్లో ఉండేదే, అందుకే ఊపిరిని ప్రేరేపించే కెఫీన్ ఇస్తాము. కాని గత మూడు రోజుల చార్టులో ఒక్కటీ లేదు. పొట్ట చుట్టుకొలత ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగింది. గొట్టంలోంచి లాగి చూస్తే 3 మి.లీ. పాలు అరగకుండా వచ్చాయి, వాటిలో లేత ఆకుపచ్చ.

వీటిలో దేనికదే విడిగా చూస్తే తెల్లవారేదాకా ఆగవచ్చు అనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తే ఆగకూడదు. నేను పాలు ఇవ్వడం ఆపి, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఫోనులో ‘బిడ్డ బాగాలేదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎవరి బిడ్డ, ఎన్ని వారాలు, ఎన్ని రోజులు, గత నాలుగు గంటల్లో మారినవి ఏమిటి, నేను ఏమి అనుమానిస్తున్నాను, మీరు ఇప్పుడే రావాలి — ఈ క్రమంలో చెప్పాను. ఆయన ఐదు నిమిషాల్లో వచ్చారు. రక్తంలో క్రిములున్నాయేమో తెలిపే బ్లడ్ కల్చర్ తీశాము, పొట్ట ఎక్స్‌రే తీయించాము, గ్లూకోజు చూశాము, గంట తిరిగేలోపు మొదటి యాంటీబయాటిక్ పడింది. మూడో రోజున కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. ఆ బిడ్డ వెంటిలేటర్ మీదికి పోయి, ఆరు రోజుల తరువాత బయటపడి, 1,850 గ్రాములకు చేరాక ఇంటికి వెళ్లింది. ప్రతిసారీ ఇలా జరగదు. సకాలంలో కనిపెట్టినా దక్కని పిల్లలున్నారు. నా అనుమానం ఉత్తదేనని తేలిన రాత్రులు కూడా లెక్కలేనన్ని ఉన్నాయి. అప్పుడు కొంచెం సిగ్గుపడి, మళ్లీ అనుమానం వస్తే మళ్లీ ఫోన్ చేస్తాను.

తల్లిదండ్రుల గురించి చెప్పకుండా షిఫ్ట్ పూర్తికాదు. మా దగ్గరికి వచ్చే పిల్లలలో చాలామంది ఇక్కడ పుట్టినవారు కారు. వనపర్తిలోనో, సంగారెడ్డిలోనో ఆపరేషన్ అయి తల్లి అక్కడే ఉండిపోతుంది, బిడ్డ అంబులెన్సులో వస్తుంది, తండ్రి వెంట వస్తాడు. జిల్లాలలో పిల్లల జబ్బు అనగానే నేటికీ ‘నీలోఫర్‌కు తీసుకపోండి’ అంటారు; రెడ్‌హిల్స్‌లో 1953లో మొదలైన ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ పిల్లల దవాఖానకు మారుపేరైపోయింది. ఏ ఆసుపత్రికి వచ్చినా ఆ తండ్రి పరిస్థితి ఒకటే: ఫోను చార్జింగు కోసం ప్లగ్గు వెతుక్కుంటూ, రాత్రంతా బయట బెంచీ మీద కూర్చుంటాడు. ‘గండం గడిచినట్టేనా సిస్టర్?’ అని అడుగుతాడు. అవునని చెప్పడానికి నోరు లాగుతుంది. చెప్పకూడదు. ‘నిన్నటికంటే ఆక్సిజన్ తక్కువ పడుతోంది, పాలు 6 నుంచి 8 మి.లీ.కి పెంచాము, ఇంకా గొట్టం మీదే ఉంది’ అని ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మొదట్లో ఇది రాతిగుండె మాటగా తోస్తుంది. వారం తిరిగేసరికి ఆ తండ్రే వచ్చి, ‘ఈరోజు ఎన్ని ఎంఎల్?’ అని అడుగుతాడు.

పాలు తెచ్చేది కూడా ఆయనే. తల్లి వేరే ఆసుపత్రిలో ఉంటే పిండిన పాలను చల్లని పెట్టెలో పెట్టుకుని వస్తాడు. మొదటి రెండు రోజులు 2 మి.లీ. ముర్రుపాలు వచ్చినా గొప్పే; పాలే పడలేదని ఆ తల్లి కుమిలిపోతుంటే, మీ బిడ్డ కడుపు ఇప్పుడు తాగగలిగేది అంతే అని ఫోనులో చెప్పడం నా పనే. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రి ఒక్కసారైనా పిండకపోతే పాలు వెనకపడతాయి. ఇక ఉగ్గుగిన్నె సంగతి. మన అమ్మమ్మల ఇళ్లలో వెండిదో ఇత్తడిదో ఉండేదే, ఇక్కడ మరిగించి శుభ్రం చేసే స్టీలుది. దాదాపు 32 వారాలు దాటిన బిడ్డకు దానితో పాలు పట్టడం మొదలుపెడతాము. గిన్నె ముక్కును బిడ్డ పెదవి దగ్గర ఆనించి, బిడ్డ మింగే వేగానికి మన చేయి వంగాలి. ఆ రాత్రి 34 వారాల బాబు 25 మి.లీ.లో 15 తాగడానికే ఇరవై ఐదు నిమిషాలు తీసుకున్నాడు. ఆపైన నిద్రపోయాడు. తొందరపెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కనుక, మిగిలిన పది గొట్టంలో పోసి ఊరుకున్నాను.

బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ మదర్ కేర్ గురించి మీరు చదివే ఉంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. భారత్ సహా 5 దేశాలలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే దీనిని మొదలుపెడితే మొదటి 28 రోజులలో మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో రోజుకు 8 నుంచి 24 గంటలపాటు చేయమని సిఫారసు చేసింది. పుస్తకంలో ఇంత సులువుగా ఉన్నది వార్డులో ఎలా ఉంటుందంటే, కుట్లు నొప్పిగా ఉన్న తల్లిని కుర్చీలో వెనక్కి వాల్చి, సీపాప్ గొట్టాలు ఊడకుండా ఒకరు బిడ్డను, ఇంకొకరు గొట్టాలను పట్టుకుని మార్చాలి. అక్కడ ఇద్దరు నర్సులుండాలి. తల్లి రాలేకపోతే తండ్రి చేయవచ్చు. చొక్కా విప్పి కూర్చోవడానికి మొదట మొహమాటపడతారు, పావుగంటలో బిడ్డతో పాటు వారూ నిద్రపోతారు.

నమ్మకాల విషయంలో నేను మెత్తగానే ఉంటాను. నానమ్మ తెచ్చిన నల్లతాడును బిడ్డ మొలకు కట్టనివ్వను, కాటుక దగ్గరికి రానివ్వను. కాని ఆ తాడును కవరులో పెట్టి ఇంక్యుబేటర్ స్టాండుకు బయట కడితే ఏ క్రిమీ పోదు, ఆవిడ రాత్రి నిద్రపోతుంది. ముస్లిం తండ్రి బిడ్డ చెవిలో అజాన్ చెప్పాలంటే, చేతులు కడిగించి, కిటికీ కొద్దిగా తెరిచి, మెల్లగా చెప్పమంటాను.

బిడ్డ దక్కని రాత్రి గురించి ఎక్కువ రాయలేను. గొట్టాలన్నీ తీసి, ప్లాస్టర్ మరకలు గోరువెచ్చని నీటితో తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, తల్లి చేతికి ఇవ్వాలి; చాలామంది తల్లులు బిడ్డను ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఆ తరువాత పక్క బిడ్డకు రెండు గంటల పాలు సమయానికే పట్టాలి. మనం ఏడవడం ఎనిమిది తరువాత, బస్సులో.

తెల్లవారుజామున ఐదు గంటలకు బరువులు చూస్తాము. మొదటి వారంలో బిడ్డ బరువు తగ్గి, రెండో వారానికి మళ్లీ పుట్టిన బరువుకు వస్తుంది. ఆపైన రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలి. ఆ అంకె కోసం బయట ఒక కుటుంబం మొత్తం ఎదురుచూస్తుంటుంది కనుక, సూది కదలకుండా చేతికి కట్టిన అట్టముక్క బరువు తీసివేయకుండా 30 గ్రాములు పెరిగిందని చెప్పి, మరునాడు తగ్గిందని చెప్పడం వంటి పాపం ఇంకొకటి లేదు. ఏడింటికి చార్టులన్నీ ముగించాలి. రాయనిది చేయనట్టే లెక్క. ఎనిమిదింటికి మళ్లీ అప్పగింత, ఈసారి చెప్పేది నేను. అంకెలన్నీ చెప్పిన తరువాత, చార్టులో రాయడానికి ఆధారం చాలనిది కూడా చెబుతాను: ‘మూడో బిడ్డ పాలు తాగుతున్నాడు, పరీక్షలు బాగున్నాయి, అయినా తెల్లవారుజాము నుంచి కొంచెం మందంగా ఉన్నాడు, ఒక కన్ను వేసి ఉంచు.’

చేతులు వణకడం గురించి అడిగారు. నాకు మొదటి ఆరు నెలలు వణికాయి. ఐవీ (నరంలోకి సూది) పెట్టడం, రక్తం తీయడం చేయగా చేయగా వస్తాయి. వణికే చేతికి మణికట్టు మంచం అంచున ఆనించుకోవడం వంటి చిన్న చిట్కాలున్నాయి, సీనియర్లు చూపిస్తారు. నాకు అనుమానం కలిగించేది అసలు వణకని కొత్తవారే. అయితే ఉద్యోగం ఒప్పుకునే ముందు ఇంటర్వ్యూలో మీరే మూడు ప్రశ్నలు అడగండి: రాత్రిపూట ఒక నర్సుకు ఎంతమంది బిడ్డలు, మందులు సరిచూడడానికి రెండో నర్సు ఎప్పుడూ ఉంటారా, కొత్తవారు సీనియర్ పక్కన ఎన్ని వారాలు పనిచేసిన తరువాత ఒంటరిగా బిడ్డను చూస్తారు. మూడో ప్రశ్నకు జవాబు రెండు వారాలు అని వస్తే, జీతం ఎంత చెప్పినా ఇంకో చోట చూసుకోండి.